కెనెత్ డికే రాసిన పెద్ద పుస్తకం ఒక్కటే కదా, మరి అంత పేరు ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నైజీరియా చరిత్రకారుడు కెనెత్ ఒన్‌వూకా డికేని ఆధునిక ఆఫ్రికా చరిత్ర రచనకు పితామహుడని ప్రతి పాఠ్యపుస్తకమూ రాస్తుంది. తీరా చూస్తే ఆయన జీవితకాలంలో వచ్చిన పెద్ద పుస్తకం ఒక్కటే, అదీ 1956 నాటిది. అంత పేరు ఎందుకొచ్చింది, పీహెచ్‌డీ మొదలుపెట్టబోయే మీరు దాన్ని ఇప్పుడు చదవాలా, లేక పాతబడిపోయిందని వదిలేయొచ్చా?

చదవాలి, అందులో అనుమానం పెట్టుకోకండి. అయితే ఆయన పేరుకి ఆ పుస్తకం సగం కారణమే. మిగతా సగం ఆయన కట్టిన వ్యవస్థల వల్ల వచ్చింది: కాగితాలు భద్రపరిచే ఆర్కైవ్స్, పరిశోధకుల సంఘం, పత్రిక, సిలబస్, పుస్తకాల సిరీస్, వీటన్నిటి నుంచి బయటికొచ్చిన ఒక తరం శిష్యులు. నేను ఎం.ఏ. చరిత్ర విద్యార్థులకు ఆఫ్రికా పేపర్ చాలా ఏళ్లు చెప్పాను. అందరూ డికే పేరు దగ్గర "మౌఖిక సాక్ష్యాలను వాడిన మొదటి చరిత్రకారుడు" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతారు. ఆ వాక్యం పూర్తిగా తప్పని అనను గానీ, దాని వల్ల అసలు విషయం కనపడకుండా పోతోంది.

ముందు జీవితం, త్వరగా చెప్పేస్తాను. 1917 డిసెంబరులో తూర్పు నైజీరియాలోని ఆవ్కాలో పుట్టారు, ఇగ్బో (అక్కడి ఒక పెద్ద జాతి) కుటుంబం. ఒనిచాలో స్కూలు, తర్వాత గోల్డ్ కోస్ట్‌లో (ఇప్పటి ఘనా) అచిమోటా కాలేజీ, సియెర్రా లియోన్‌లో ఫూరా బే కాలేజీ. అప్పట్లో బ్రిటిష్ పశ్చిమాఫ్రికాలో తెలివైన కుర్రాడు చదువుకోవాలంటే ఇలా కాలనీ నుంచి కాలనీకి తిరగాల్సిందే. 1947లో స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో డిగ్రీ, 1950లో లండన్ కింగ్స్ కాలేజీ నుంచి పీహెచ్‌డీ. అదే ఏడాది నైజీరియాలోని ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీలో లెక్చరర్‌గా చేరారు. మధ్యలో కొన్నాళ్లు అక్కడి సామాజిక, ఆర్థిక పరిశోధన సంస్థకు వెళ్లి, తిరిగొచ్చి 1956లో ప్రొఫెసర్, 1960లో ఆ కాలేజీకి ప్రిన్సిపాల్, 1962లో అది స్వతంత్ర విశ్వవిద్యాలయం అయినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ఇక పుస్తకం సంగతి. పేరు "ట్రేడ్ అండ్ పాలిటిక్స్ ఇన్ ది నైజర్ డెల్టా, 1830–1885". ఆ రెండు తేదీలూ ఎందుకన్నది చూస్తే సగం వాదన అక్కడే దొరుకుతుంది. 1830లో లాండర్ సోదరులు నైజర్ నది వెంట ప్రయాణించి అది సముద్రంలో ఎక్కడ కలుస్తుందో యూరప్‌కు తెలియజేశారు. అంతవరకు యూరోపియన్లకు ఆ డెల్టా అంటే బోనీ, బ్రాస్, కలబార్ లాంటి రేవులే. వాళ్ల ఓడలు శతాబ్దాలుగా అక్కడికి వస్తున్నా, ఆ కాలువల వెనకాల ఉన్నది ఇంత పెద్ద నది అని తెలియదు. 1885 అంటే ఆఫ్రికా పంపకాల మీద యూరప్ దేశాలు జరిపిన బెర్లిన్ సమావేశం ముగిసి, ఆ తీరం బ్రిటిష్ రక్షిత ప్రాంతంగా మారిన సంవత్సరం. ఈ 55 ఏళ్లలో ఆ రేవుల మీద అధికారం ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయింది, ఎలా పోయింది అన్నదే పుస్తకం.

డికేకి ముందు ఈ కథ చెప్పినవాళ్లు అన్వేషకులతో, మిషనరీలతో, కాన్సుల్స్‌తో (బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధులతో) మొదలుపెట్టేవాళ్లు. ఆఫ్రికన్లు నేపథ్యంలో ఉండేవాళ్లు. డికే ఆ రేవు రాజ్యాల్నే కథకు మధ్యలో పెట్టారు. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించాక ఆ రేవుల్లో పామాయిల్ వ్యాపారం పెరిగింది. బ్రిటన్ ఫ్యాక్టరీల్లో యంత్రాలకు గ్రీజుగా, సబ్బులకు, కొవ్వొత్తులకు అది కావాలి. లివర్‌పూల్ ఓడలు వచ్చి నదిలో లంగరు వేసుకుని నెలల తరబడి కూర్చునేవి. లోపలి ప్రాంతాలకు యూరోపియన్లు వెళ్లలేరు. ఒకటి మలేరియా, రెండోది డెల్టా వ్యాపారులు వెళ్లనివ్వరు. యూరోపియన్ సరుకు అప్పుగా ఇస్తే (దాన్ని "ట్రస్ట్" అనేవాళ్లు) డెల్టా వ్యాపారి పడవల్లో లోపలి సంతలకు వెళ్లి నూనె కొని తెచ్చి బాకీ తీర్చేవాడు. పైగా వ్యాపారం చేసుకోవడానికి ప్రతి ఓడా స్థానిక రాజుకు "కోమీ" అనే సుంకం కట్టాలి. అంటే 1850 ముందు ఆ తీరంలో షరతులు పెట్టింది ఆఫ్రికన్లే. ఇది డికే బ్రిటిష్ విదేశాంగ శాఖ కాగితాల్లోంచే తీసి చూపించారు. నాకు ఆ పుస్తకంలో ఎప్పటికీ గొప్పగా అనిపించేది ఇదే. పాలకుల సొంత రికార్డులు చదివి, పాలకులు చెప్పని కథ రాశారు.

తర్వాత 1854 వస్తుంది. ఆ ఒక్క సంవత్సరంలో రెండు జరిగాయి. బైకీ అనే డాక్టర్ "ప్లీయడ్" అనే ఆవిరి ఓడలో నది పైకి వెళ్లి, మనుషులకు క్వినైన్ ఇచ్చి, జ్వరంతో ఎవరూ చనిపోకుండా వెనక్కి తీసుకొచ్చాడు. అదే ఏడాది బ్రిటిష్ కాన్సుల్ బీక్రాఫ్ట్ బోనీ రాజు విలియం పెపుల్‌ని గద్దె దించి ప్రవాసం పంపించాడు. మొదటిదానితో డెల్టా వ్యాపారుల్ని దాటి నేరుగా లోపలికి వెళ్లే దారి దొరికింది. రెండోదానితో, సుంకం కట్టి వ్యాపారం చేసుకునే వాళ్లు రాజుల్ని దించే వాళ్లయ్యారు. ఇంకా వలస పాలన రాలేదు, జెండా లేదు, చట్టం లేదు, అయినా అధికారం చేతులు మారడం మొదలైంది. క్లాసులో ఈ భాగం చెప్పేటప్పుడు పిల్లలు వెంటనే మన కర్ణాటక నవాబులు, ఉత్తర సర్కార్ల సంగతి ఎత్తేవారు. ఎత్తనివ్వండి, కానీ పోలిక తొందరపడి గీయకండి. ఇక్కడ కంపెనీకి సైన్యం ఉంది, భూమి శిస్తు ఉంది. అక్కడ 1850ల్లో ఆ రెండూ లేవు.

జాజా గురించి రాసిన భాగం విడిగా చెప్పాలి. డెల్టా రాజ్యాల్లో "హౌస్" అనే వ్యవస్థ ఉండేది. కుటుంబం, వ్యాపార సంస్థ, యుద్ధ పడవ దళం మూడూ కలిసిన గుంపు అది. బానిసగా కొని తెచ్చిన మనిషి కూడా ఆ ఇంటివాడే అవుతాడు, సత్తా ఉంటే ఆ ఇంటికి పెద్ద కూడా కావచ్చు. జాజా అలాగే చిన్నప్పుడు అమ్ముడుపోయి బోనీ చేరిన ఇగ్బో కుర్రాడు. 1863లో అనా పెపుల్ హౌస్‌కు అధిపతి అయ్యాడు. ముందు అధిపతి వదిలి వెళ్లిన అప్పుల్ని తీర్చాడు, చిన్న చిన్న హౌస్‌లను తనలో కలుపుకున్నాడు. 1869లో ప్రత్యర్థి హౌస్‌తో యుద్ధం వచ్చింది. అప్పుడు బోనీని వదిలేసి, లోపలి పామాయిల్ సంతలకు వెళ్లే దారికి అడ్డంగా ఓపోబో అనే కొత్త రాజ్యం పెట్టాడు. దెబ్బకు బోనీ వ్యాపారం పడిపోయింది, ఓడలు ఓపోబోకి వచ్చాయి, 1873లో బ్రిటన్ అతన్ని రాజుగా గుర్తించింది. పుస్తకం కాలం తర్వాత, 1887లో, మాట్లాడదాం రమ్మని పిలిచి కాన్సుల్ జాన్‌స్టన్ అతన్ని పట్టుకుని దేశం దాటించాడు. 1891లో తిరిగొస్తూ దారిలోనే చనిపోయాడు. "అభివృద్ధి తెలియని తెగలు" అనే పాత భాష ఇలాంటి మనిషి ముందు నిలవదు. డికే దాని మీద ఉపన్యాసం ఇవ్వరు, లెక్కలూ ఉత్తరాలూ పెట్టి వదిలేస్తారు.

ఈ పుస్తకం వచ్చిన ఏడేళ్లకు, 1963లో, ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ హ్యూ ట్రెవర్-రోపర్ ఆఫ్రికాకు చెప్పుకోదగ్గ చరిత్ర ఏమీ లేదని, ఉన్నది అక్కడి యూరోపియన్ల చరిత్రేనని, మిగతాదంతా చీకటేనని అన్నాడు. మీ నోట్సులో ఇది ఉండే ఉంటుంది. ఆ వాక్యం రాసుకుని, దాని కింద "దీనికి జవాబుగా డికే..." అని రాసే విద్యార్థులు ఎక్కువ. తేదీలు చూసుకోండి. డికే పుస్తకం ముందే వచ్చింది, అదీ ఆక్స్‌ఫర్డ్ క్లారెండన్ ప్రెస్ నుంచే వచ్చింది. ఎవరికో జవాబు చెప్పడం కోసం ఆయన చరిత్ర రాయలేదు.

ఇప్పుడు రెండో సగానికి వస్తాను, నా దృష్టిలో ఇదే పెద్దది.

ఆర్కైవ్స్. 1950లో నైజీరియాలో ప్రభుత్వ కాగితాలకు ఒక గూడంటూ లేదు. జిల్లా ఆఫీసుల్లో, కోర్టుల్లో, గోదాముల్లో పడి ఉండేవి. చెద, తేమ, చోటు చాలక తగలబెట్టడం, అన్నీ ఉండేవి. డికే 1951 నుంచి దేశమంతా తిరిగి ఏ ఆఫీసులో ఏముందో సర్వే చేశారు, 1954లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు, ఆ ఏడాదే రికార్డ్ ఆఫీస్ పుట్టింది. తర్వాత అదే నేషనల్ ఆర్కైవ్స్ అయింది. ఇబాదాన్ క్యాంపస్‌లో ఒకటి, ఎనుగు, కడునాల్లో శాఖలు. కొత్తగా పీహెచ్‌డీ చేసి వచ్చిన ముప్పై మూడేళ్ల మనిషి, లండన్‌లో ఉన్న కాగితాలతోనే ఇంకో రెండు పుస్తకాలు సుఖంగా రాసుకోగలిగిన మనిషి, ఆ పని పక్కనబెట్టి దుమ్ము పట్టిన ఫైళ్ల లిస్టులు రాసుకుంటూ తిరిగారు. ఆయన రాసిన పుస్తకాలు తక్కువెందుకు అన్న మీ ప్రశ్నకు జవాబు చాలా వరకు ఇక్కడే ఉంది. తార్నాకలో మన స్టేట్ ఆర్కైవ్స్‌లో ఒక వారం కూర్చుంటే మీకు ఇది మనసుకు ఎక్కుతుంది. ఎవరో ఒకరు ముందు ఆ కట్టలు విప్పి, వరుస పెట్టి, జాబితా రాసి ఉండకపోతే మన థీసిస్‌లలో ఒక్క ఫుట్‌నోట్ ఉండేది కాదు.

సిలబస్, సంఘం, పత్రిక. ఇబాదాన్ అప్పట్లో లండన్ విశ్వవిద్యాలయానికి అనుబంధ కాలేజీ. ప్రశ్నపత్రాలు లండన్ ఆమోదిస్తేనే. బ్రిటన్, యూరప్, సామ్రాజ్య విస్తరణ, ఇవే చరిత్ర. డికే, ఆయన సహచరులు అందులోకి ఆఫ్రికా చరిత్ర పేపర్లను ఒక్కొక్కటిగా తెచ్చారు. 1955లో హిస్టారికల్ సొసైటీ ఆఫ్ నైజీరియా మొదలైంది, డికేనే మొదటి అధ్యక్షుడు, మరుసటేడు దాని పత్రిక. 1962లో ఆక్రాలో ఆఫ్రికా అధ్యయన పండితుల మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగితే దాని వెనకా ఆయనే ముఖ్యులు.

ఇబాదాన్ హిస్టరీ సిరీస్. లాంగ్‌మన్స్ ప్రచురించిన ఈ వరుసకు ఆయన ప్రధాన సంపాదకుడు. అజయీ రాసిన క్రైస్తవ మిషన్ల చరిత్ర, ఆయండేలే రాసిన మిషనరీ ప్రభావం పుస్తకం, అరబిక్ రాతప్రతులతో ముర్రే లాస్ట్ రాసిన సొకోటో ఖలీఫత్ (ఉత్తర నైజీరియాలోని ముస్లిం రాజ్యం) చరిత్ర ఇందులో వచ్చాయి. ఆ సొకోటో పుస్తకం చూడండి. రాసింది ఇంగ్లీషువాడు, పరిశోధన ఇబాదాన్‌లో, ఆధారాలు ఆ రాజ్యంవాళ్లు స్వయంగా అరబిక్‌లో రాసుకున్నవి. "ఆఫ్రికాలో రాత లేదు, కాబట్టి చరిత్ర లేదు" అనే మాటకు దీనికంటే గట్టి సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. ఇబాదాన్‌లోనే పీహెచ్‌డీ చేసిన అఫిగ్బో తర్వాత బ్రిటిష్‌వాళ్లు తూర్పు నైజీరియాలో నియమించిన "వారంట్ చీఫ్‌ల" మీద రాసిన పుస్తకం కూడా తప్పక చూడండి. స్థానిక అధికారుల్ని వలస ప్రభుత్వం ఎలా పుట్టించిందో అంత బాగా చెప్పింది తక్కువ.

ఇక జాగ్రత్తలు. డికేని గౌరవిస్తాను కాబట్టే ఇవి గట్టిగా చెప్తున్నాను.

మొదటిది, మౌఖిక సాక్ష్యాల సంగతి. ఆయన వాటికి తలుపు తెరిచారు, వాటిని సాక్ష్యంగా ఒప్పుకోవాలని వాదించి గెలిచారు, అది నిజం. కానీ ఈ పుస్తకానికి వెన్నెముక లండన్ కాగితాలే. మౌఖిక చరిత్రను శాస్త్రంగా వాడటం ఆయన తర్వాతివాళ్ల పని. మీరు ఆ వాక్యం రాసేటప్పుడు ఈ తేడా పాటించండి. కైఫీయతుల (కరణాలు చెప్పిన ఊళ్ల చరిత్రల) మీద పనిచేసిన ఎం.ఫిల్. విద్యార్థులకు నేను ఎప్పుడూ ఒకటే చెప్పేవాణ్ని: కరణం చెప్పిన కథను నమ్మాలా వద్దా అని మొదలుపెట్టకండి, ఆ కరణానికి ఆ ఊళ్లో ఏ మాన్యం ఉంది, ఎవరితో తగాదా ఉంది అని మొదలుపెట్టండి. డెల్టా కథలకీ అంతే. ఏ హౌస్‌వాళ్లు చెప్తున్నారన్నది ముందు చూడాలి.

రెండోది, డెల్టా రాజ్యాల పుట్టుక. సముద్ర వ్యాపారం వల్లే ఆ రాజ్యాలు రూపుదిద్దుకున్నాయని, జనం లోపలినుంచి అక్కడికి వలస వచ్చారని డికే గట్టిగా చెప్పారు. ఎబియెగ్‌బెరి జో అలగోవా దీన్ని మార్చారు. ఆయన డెల్టా మనిషే, నెంబే వారు. యూరోపియన్లు రాకముందే డెల్టాకూ లోపలి ప్రాంతాలకూ మధ్య ఉప్పు, చేపలు, తిండిగింజల వ్యాపారం నడిచిందని, ఈజో జనం అక్కడ ఎంతో ముందే స్థిరపడ్డారని, రాజ్యాల బీజాలు అందులోనే ఉన్నాయని స్థానిక సంప్రదాయాల ఆధారంగా చూపించారు. ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. అలగోవా చదివింది ఇబాదాన్‌లో, అమెరికా వెళ్లి పీహెచ్‌డీ చేయకముందు ఉద్యోగం చేసింది డికే నిలబెట్టిన నేషనల్ ఆర్కైవ్స్‌లో. తన పుస్తకాన్ని సరిదిద్దే మనిషి తయారు కావడానికి కావలసినవన్నీ డికేనే ఏర్పాటు చేసి పెట్టారు. ఒక చరిత్రకారుడి వారసత్వం అంటే నాకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ తెలియదు.

మూడోది, ఇబాదాన్ స్కూల్ (డికే, ఆయన సహచరులు, శిష్యుల చరిత్ర రచనా ధోరణి) మీద వచ్చిన విమర్శ. ఉత్తర నైజీరియాలోని జారియాలో యూసుఫు బాలా ఉస్మాన్ లాంటివాళ్లు, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో మార్క్సిస్టు చరిత్రకారులు ఒక మాట గట్టిగా అన్నారు: మీరు రాజులు, వ్యాపారులు, చదువుకున్న పెద్దల చరిత్ర రాసి "మాకూ రాజ్యాలున్నాయి" అని నిరూపించుకున్నారు, మరి నూనె తీసిన మనిషి ఎక్కడ? ఈ విమర్శ సబబే. తాటికాయ లాంటి ఆ గెలలు కోసింది, ఉడకబెట్టి నూనె తీసింది ఎవరు, అందులో ఆడవాళ్ల శ్రమ ఎంత అన్నది డికే పుస్తకంలో మీకు దొరకదు. కానీ స్వాతంత్ర్యానికి ముందు ఆ మొదటి అడుగు వేయకుండా ఈ రెండో ప్రశ్న వేసే చోటే ఉండేది కాదని నా అభిప్రాయం.

బయాఫ్రా (నైజీరియా నుంచి విడిపోవడానికి యుద్ధం చేసిన తూర్పు ప్రాంతం) గురించి మీరు అడగలేదు, కానీ దాన్ని వదిలేస్తే ఆయన జీవితం అర్థం కాదు. 1966లో ఉత్తర నైజీరియాలో ఇగ్బోలను ఊచకోత కోశారు. ఆ ఏడాది చివర డికే వైస్ ఛాన్సలర్ పదవి వదిలి తూర్పుకు వెళ్లిపోయారు. అన్ని ప్రాంతాల, అన్ని భాషల పండితుల్ని ఒక చోట కూర్చోబెట్టి ఒక దేశపు చరిత్ర రాయించిన మనిషి, ఆ దేశం నుంచి విడిపోవాలనుకున్న బయాఫ్రా తరఫున రాయబారిగా దేశాలు తిరిగారు. 1970 జనవరిలో యుద్ధం ఓటమితో ముగిశాక హార్వర్డ్‌కు వెళ్లారు, అక్కడ ఆఫ్రికా చరిత్రకు మెల్లన్ ప్రొఫెసర్ అయ్యారు. చివరికి తిరిగొచ్చి 1980లో అనాంబ్రా రాష్ట్రంలో కొత్త సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టే పని తలకెత్తుకున్నారు, 1983 అక్టోబరులో ఎనుగులో కన్నుమూశారు. "ఆరో" (Aro) అనే ఇగ్బో వర్గం వ్యాపారుల మీద ఫెలీషియా ఎకెజియుబాతో కలిసి చేసిన పని 1990లో, ఆయన పోయాక, పుస్తకంగా వచ్చింది. రాసినవి తక్కువ కావడానికి ఇదీ ఒక కారణం. రాసుకోవాల్సిన వయసు ముందు పరిపాలనకీ, తర్వాత యుద్ధానికీ పోయింది.

చదివే పద్ధతి చెప్తాను. మొదటి పేజీ నుంచి కాకుండా ముందు జాజా, ఓపోబో భాగం చదవండి, తర్వాత 1854 చుట్టూ ఉన్నది, ఆ తర్వాత మొదటికి రండి. పక్కనే అలగోవా 1972 డెల్టా చరిత్ర పెట్టుకోండి, జి.ఐ. జోన్స్ 1963లో రాసిన ఆయిల్ రివర్స్ (నైజర్ డెల్టాకే ఇంకో పేరు) రాజ్యాల పుస్తకం దొరికితే అదీ. ముగ్గురూ బోనీ గురించి ఎక్కడ విభేదిస్తున్నారో ఒక కాగితం మీద రాసుకుంటే మీ థీసిస్ మొదటి అధ్యాయానికి సరుకు వచ్చినట్టే.

నైజీరియా వెళ్లకుండా ఈ టాపిక్ చేయొచ్చా అని చివర్లో అడిగారు. వ్యాపారం, కాన్సుల్స్, ఒప్పందాల వరకైతే చేయొచ్చు. డికే వాడిన విదేశాంగ శాఖ ఎఫ్.ఓ. 84 సిరీస్ లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది, ఆనాటి పార్లమెంటరీ పత్రాలు చాలా యూనివర్సిటీ లైబ్రరీల ద్వారా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. నూనె తీసిన ఆడవాళ్ల వైపు నుంచి రాయాలంటే మాత్రం ఎనుగు ఆర్కైవ్స్‌కీ, ఆ ఊళ్లకీ వెళ్లక తప్పదు, కాస్తయినా ఇగ్బో నేర్చుకోకా తప్పదు. గైడ్‌తో మొదటి మీటింగ్‌లోనే ఈ రెండింట్లో ఏది చేస్తారో తేల్చుకోండి, ఎందుకంటే ఫెలోషిప్ దరఖాస్తు దాన్ని బట్టే రాయాలి.